సఖి నుండి సాక్షి వరకు: గృహహింస సందర్భంలో స్నేహితురాలి స్థానం – ఒక చారిత్రక పరిశీలన

‘మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు’ అన్న సామెత తెలుగునాట వినని వారుండరు. అసలు నష్టం కన్న పరుల ఎదుట చులకన కావడమే మనిషిని ఎక్కువ బాధిస్తుందన్న లోకరీతికి దీనిని సాధారణంగా ఉదాహరిస్తారు. అయితే సామెతను అది పుట్టిన ఇంట్లోనే నిలిపి చదివితే మరొక సంగతి కనిపిస్తుంది. అందులో ముగ్గురు వ్యక్తులున్నారు: కొట్టినవాడు, దెబ్బ తిన్నది, చూసినది. దెబ్బను గురించి సామెతకు ప్రశ్న లేదు; ఎండ కాసింది, వాన కురిసింది అన్నట్లుగానే మొగుడు కొట్టాడు. సామెత దృష్టి అంతా చూసిన స్త్రీ మీద ఉంది. ఆమె నవ్వింది. అదే ఇంటికి కోడలై వచ్చిన, అదే దెబ్బ రేపు తనకూ తగలగల స్త్రీ నవ్వింది. ఆమె నవ్వకపోయి ఉంటే ఏమి చేసి ఉండేది? ఏమి చేయడానికి ఆమెకు వీలుండేది? భర్త చేతిలో హింసకు గురయ్యే స్త్రీకి మరొక స్త్రీ, ముఖ్యంగా రక్తబంధం లేని స్నేహితురాలు, చేయగలిగిన సహాయం తెలుగు సాహిత్యంలోనూ, సమాజంలోనూ, చట్టంలోనూ ఏ రూపాలు పొందుతూ వచ్చిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంస్కరణ సాహిత్యం మీదా స్త్రీవాద సాహిత్యం మీదా వెలువడిన పరిశోధనలలో హింసకు గురైన స్త్రీ పాత్రను గురించిన చర్చ విస్తారంగా ఉంది. ఆమెను కాపాడిన వ్యక్తిని గురించిన చర్చ కూడా, ఆ వ్యక్తి సంస్కర్త అయితే, తక్కువేమీ కాదు. పక్కన కూర్చుని విన్నవారిని గురించిన చర్చ మాత్రం దాదాపు లేదు. రక్షకుడిని వెతికే అలవాటు వల్ల మన సాహిత్య చరిత్ర సాక్షిని గుర్తించలేకపోయిందని నా అభిప్రాయం.

చెలికత్తె పరిధి

ప్రాచీన కావ్యంలో సఖి లేని నాయిక లేదు. ప్రబంధాలలో విరహం వర్ణించాలన్నా, సందేశం పంపాలన్నా, శిశిరోపచారాలు చేయాలన్నా చెలికత్తెలు రావలసిందే. వసుచరిత్రలో గిరికకు మంజువాణి ఉన్నది. పారిజాతాపహరణంలో శ్రీకృష్ణుడు పారిజాతాన్ని రుక్మిణికిచ్చిన సంగతి సత్యభామ చెవిన వేసేది చెలికత్తె. ఆ తరువాతి అలకలో సత్యభామ పాదం కృష్ణుడి శిరసును తాకింది. మన ప్రబంధ సాహిత్యంలో అన్నిటికన్న పేరుమోసిన తన్ను భార్య తన్నినదే కావడం, దాని మీద శతాబ్దాల పాటు రసచర్చ జరగడం గమనించదగినది. భర్త కొట్టిన దెబ్బకు అటువంటి రసస్థానం దొరకలేదు. అది సామెతలలోకి, తిరగటి దగ్గరి పాటలలోకి పోయింది.

కావ్యంలోని చెలికత్తె పని నాయికను నాయకుడి వద్దకు చేర్చడం. చేరిన తరువాత ఏమి జరిగినా ఆమె పరిధిలోనిది కాదు. వివాహంతో కావ్యం ముగిసినట్లే సఖిత్వం కూడా ముగుస్తుంది. అత్తవారింటికి సఖి వెంట రాదు, వచ్చినా దాసిగానే వస్తుంది. ఈ నియమాన్ని మీరిన చోటు కావ్యం కాదు, స్త్రీల పాట. శూర్పణఖ మారువేషంలో అయోధ్యకు వచ్చి సీత చేత రావణుడి చిత్రం గీయించే కథ స్త్రీల రామాయణపు పాటలలో ప్రసిద్ధం. చిత్రం చూసి ఆగ్రహించిన రాముడు సీతను శిక్షించబోయినప్పుడు అంతఃపుర స్త్రీలు సీత పక్షాన నిలబడతారు. వెల్చేరు నారాయణరావు 1991లో ప్రచురించిన వ్యాసంలో ఈ పాటలలోని రాముడు ధర్మమూర్తిగా కాక ఇంటి మగవాడిగా కనిపించడాన్ని వివరించారు. ప్రస్తుత చర్చకు మరొక అంశం ముఖ్యం. సీతకు తోడుగా నిలిచినవారంతా ఆ ఇంటివారే: అత్తలు, తోడికోడళ్లు. బయటి నుండి వచ్చిన స్త్రీ ఒక్క శూర్పణఖ, ఆమె శత్రువు. పాట తోడికోడలిని సామెత నుండి విడిపించింది కాని, గడప అవతలి స్త్రీని నమ్మడానికి సిద్ధపడలేదు.

గడప అవతలివారిని నమ్మకూడదన్న నియమానికి మరొక సామెత కాపలా కాసింది: ‘ఇంటి గుట్టు లంకకు చేటు’. ఇందులో గుట్టు విప్పినవాడు విభీషణుడు. అన్న చేసిన అన్యాయాన్ని అన్యాయమన్నవాడు పురాణంలో భక్తుడు, సామెతలో ఇంటి దొంగ. తన ఒంటి మీది గాయాన్ని స్నేహితురాలికి చూపిన స్త్రీ కూడా ఈ సామెత లెక్కలో గుట్టు విప్పినదే అవుతుంది. విన్న స్నేహితురాలు కాపురంలో నిప్పులు పోసినదవుతుంది. ‘కాపురాలు కూల్చేది’ అన్న నింద ఇటువంటి స్నేహితురాలి మీద పడినంత తేలికగా కొట్టిన భర్త మీద పడదు. భాషలోనే ఉన్న ఈ తీర్పును గుర్తించకుండా తరువాతి చరిత్ర అర్థం కాదు.

తోడబుట్టినవాడూ మధురవాణీ

గడప దాటి వచ్చి మాట్లాడే అధికారం సంప్రదాయంలో ఒక్క పుట్టింటికి ఉండేది. అందులోనూ తోడబుట్టినవాడికి. కన్యాశుల్కం నాటకం (తొలి ప్రదర్శన 1892, ముద్రణ 1897, సమూలంగా మార్చిన రెండవ కూర్పు 1909) ఈ అధికారానికి చక్కని ఉదాహరణ. కోపిష్టి అగ్నిహోత్రావధానుల ఇంట వెంకమ్మ మాటకు విలువ లేదు. చిన్న కూతురు సుబ్బిని లుబ్ధావధాన్లుకు అమ్మజూపుతుంటే ఆపలేని ఆ తల్లికి అండ ఆమె అన్నదమ్ముడు కరటకశాస్త్రి. ఆయన కూడా ఎదురు నిలిచి ఆపలేడు. నాటకాల మనిషి కనుక నాటకమే ఆడాడు. శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టాడు. బంధుత్వానికున్న అధికారం ఎంత పరిమితమో ఈ ఉపాయమే చెబుతుంది: ఇంట్లోకి రావచ్చు, భోజనం చేయవచ్చు, మాట చెల్లించుకోవడం మాత్రం కుదరదు.

ఆ ఉపాయం పారడానికి తోడ్పడినది, ఆపైన అందరినీ చిక్కుల నుండి బయటపడవేసినది మధురవాణి. వెంకమ్మతో ఆమెకు ఏ చుట్టరికమూ లేదు. కులస్త్రీల ఇళ్లలో అడుగు పెట్టే అర్హత కూడా సమాజం ఆమెకు ఇవ్వలేదు. గురజాడ పరిశోధకులు మధురవాణి తెలివిని, దయను, సౌజన్యారావు పంతులుతో ఆమె సంభాషణను ఎంతో లోతుగా విశ్లేషించారు. నాకు తోచిన ఒక చిన్న విషయం మాత్రం అంతగా చర్చకు రాలేదు. సహాయం పొందిన తల్లి వెంకమ్మ, సహాయం చేసిన మధురవాణి నాటకంలో ఒకరికొకరు ఎదురుపడరు. కృష్ణరాయపురం అగ్రహారంలోని ఇల్లాలికి విజయనగరంలోని వేశ్య తన కూతురిని కాపాడిందన్న సంగతి తెలిసే మార్గమే లేదు. ఇద్దరి మధ్యా మగవారున్నారు, వారి ద్వారానే సహాయం ప్రవహించింది. అంత గొప్ప నాటకకర్త కూడా ఆ ఇద్దరినీ ఒక చోట కూర్చోబెట్టలేకపోవడం కల్పనాశక్తి లోపం కాదు, ఆనాటి ఇళ్ల నిర్మాణం. బుచ్చమ్మకు చివర దొరికిన ఆశ్రయం కూడా తెలుగు నేల మీద కాదు, పూనాలోని వితంతు శరణాలయంలో.

నాటకం వెలుపల, రాజమహేంద్రవరంలో, ఒక ఇల్లు మాత్రం తలుపు తెరిచింది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం జరిపించిన మొదటి వితంతు వివాహం చరిత్రకెక్కింది. ఆ వివాహాలకు వచ్చిన బాలవితంతువులను ఇంట ఉంచుకుని, వండి పెట్టి, వారి భయాన్ని పంచుకున్నది రాజ్యలక్ష్మమ్మ. వంటవారు, నీళ్లు మోసేవారు మానివేసినప్పుడు ఆమె స్వయంగా గోదావరి నుండి నీళ్లు తెచ్చిన సంగతి ప్రసిద్ధమే. ఉద్యమ చరిత్రలో దీనిని భర్తకు సహకరించిన భార్య త్యాగంగా చెబుతారు. బిందె మోసిన ఆ రోజులను మరొక విధంగానూ చదవవచ్చు: ఇల్లు విడిచి వచ్చిన పరాయి స్త్రీకి మరొక స్త్రీ తన ఇంట చోటిచ్చినందుకు ఊరు విధించిన శిక్ష అది. సహాయం చేసినవారిని కూడా వెలివేయడమన్న ఆచారం ఈనాటికీ రూపం మార్చుకుని ఉన్నది కనుక ఈ వివరానికి ప్రాముఖ్యం ఇవ్వవలసి ఉన్నది.

బంధువులు కాని స్త్రీలు కలుసుకోవడానికి మర్యాదకరమైన సాకు ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్లలో స్త్రీ సమాజాల రూపంలో దొరికింది. భండారు అచ్చమాంబ చొరవతో 1902లో మచిలీపట్నంలో ఏర్పడిన బృందావన స్త్రీ సమాజం వీటిలో మొదటిదిగా ప్రసిద్ధి పొందింది. అదే సంవత్సరం ‘హిందూ సుందరి’ పత్రిక వెలువడింది. ఈ సమాజాల ప్రకటిత లక్ష్యం విద్య, సత్ప్రవర్తన. భర్తల హింస కాదు. అయినా అత్తగారూ ఆడబిడ్డా లేని ఒక గదిలో ఇద్దరు స్త్రీలు కూర్చోవడమే అంతకు ముందు లేని సంగతి. కొన్ని దశాబ్దాల తరువాత మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో నడిపిన ‘ప్రమదావనం’ శీర్షిక ఆ గదిని కాగితం మీదికి తెచ్చింది. 1950ల నుండి దశాబ్దాల పాటు పాఠకురాళ్లు ఆమెకు రాసిన ఉత్తరాలు ఒక విచిత్రమైన స్నేహానికి ఆనవాళ్లు. ఉత్తరం రాసిన స్త్రీ, సమాధానం రాసిన స్త్రీ ఎన్నడూ ఒకరినొకరు చూసుకోలేదు. వెంకమ్మ, మధురవాణి కూడా చూసుకోలేదు. కాని ఇక్కడ మధ్యవర్తిగా మగవాడు లేడు, తపాలా ఉంది.

సీరియల్ ఆగిన సందర్భం

రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’ 1977లో ఆంధ్రజ్యోతి వారపత్రికలో ధారావాహికగా మొదలై, అభ్యంతరాల కారణంగా మధ్యలో ఆగిపోయింది. భర్త వెంకట్రావు చేతిలో జానకి అనుభవించే రోజువారీ హింసను వారం వారం ఇంటింటికీ చేర్చిన రచన అది. అభ్యంతరాల సారాంశం పైన చెప్పిన నిందే: ఇటువంటి రచనలు కాపురాలు కూలుస్తాయని. ఇక్కడ నింద మోసినది ఒక స్నేహితురాలు కాదు, నవల. మధ్యాహ్నం వేళ పత్రిక తెరిచిన గృహిణి పక్కన నవల ఒక స్నేహితురాలి స్థానంలో కూర్చున్నదని అభ్యంతరపెట్టినవారే అందరికన్న ముందు గుర్తించారు.

నవలలో జానకికి దొరికిన అండ తోడబుట్టిన సత్యం నుండి, అతని మిత్రబృందపు ఆలోచనల నుండి వస్తుంది. కరటకశాస్త్రి నుండి సత్యం వరకు సుమారు ఎనభై ఏళ్లు. తోడబుట్టినవాడి ఆలోచనలు మారాయి, అతని స్థానం మారలేదు. నిజజీవితంలో పుట్టిల్లు ఎప్పుడూ ఇంత ఉదారంగా లేదన్నది వేరే చెప్పనక్కరలేదు. ‘సర్దుకుపో’ అన్న మాట పుట్టింటి నుండే ఎక్కువగా వినిపిస్తుంది. ఈ క్రియకు తెలుగులో కర్మ ఉండదు. దేనిని సర్దుకోవాలో చెప్పకుండానే సర్దుకుపొమ్మని చెప్పవచ్చు. పంచాయతీలో పెద్దమనుషుల ముందు జరిగే ‘రాజీ’ కూడా ఈ క్రియకు సభారూపమే.

1978లో హైదరాబాదులో ఏర్పడిన స్త్రీశక్తి సంఘటన, దానికి ముందు 1974లో ఏర్పడిన ప్రగతిశీల మహిళా సంఘం వంటివి వరకట్న మరణాలను ఇంటి విషయంగా కాక నేరంగా చూడాలని పట్టుబట్టాయి. దేశవ్యాప్తంగా సాగిన ఇటువంటి ఆందోళనల ఫలితంగానే 1983లో భారత శిక్షాస్మృతిలో 498-ఎ సెక్షను చేరింది. భార్య పట్ల భర్త, అతని బంధువులు చూపే క్రూరత్వం మొదటిసారి ప్రత్యేక నేరమైంది. ఆ సెక్షనుతో పాటే నేర విచారణ ప్రక్రియా స్మృతిలో చేరిన 198-ఎ సెక్షను మీద సాహిత్య విద్యార్థుల దృష్టి పడినట్లు లేదు. ఈ నేరం మీద కోర్టు విచారణ చేపట్టాలంటే పోలీసు నివేదిక ఉండాలి, లేదా ఫిర్యాదు రావాలి. ఫిర్యాదు ఎవరు చేయవచ్చునో ఆ సెక్షను పేర్కొన్నది: బాధితురాలు, ఆమె తల్లి, తండ్రి, సోదరుడు, సోదరి, తల్లిదండ్రుల తోబుట్టువులు, కోర్టు అనుమతితో రక్తసంబంధం, వివాహం, దత్తత ద్వారా బంధువైన మరెవరైనా. పోలీసులు నేరుగా చర్య తీసుకోదగిన నేరంగా పరిగణించాలన్నా సమాచారం బాధితురాలి నుండి గాని, బంధువుల నుండి గాని, బంధువులు లేనప్పుడు ప్రభుత్వం నిర్దేశించిన ఉద్యోగి నుండి గాని రావాలి.

ఈ జాబితాను కన్యాశుల్కం పక్కన పెట్టి చదివితే కరటకశాస్త్రికి అందులో స్థానముంది, మధురవాణికి లేదు. పక్క వాటా నుండి ప్రతి రాత్రీ దెబ్బల చప్పుడు విన్న స్త్రీకి లేదు; కలిసి చదువుకుని, ఉద్యోగం చేసే చోట చీర కొంగు కింద గాయం చూసిన స్త్రీకీ లేదు. దీనికి సమర్థన లేకపోలేదు; పరుల జోక్యంతో సంసారాలు కోర్టుకెక్కుతాయన్న భయం, తప్పుడు ఫిర్యాదుల భయం శాసనకర్తలకు ఉండవచ్చు. కాని పుట్టింటివారే సర్దుకుపొమ్మన్న సందర్భంలో ఈ జాబితా ఆ స్త్రీకి తలుపు కాదు, గోడ. స్త్రీని ఇంటి నుండి కాపాడదలచిన చట్టం సాక్షిని నిర్ణయించడానికి మళ్లీ ఇంటినే అడిగింది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ నేరం 85వ సెక్షనుగా మారింది, ఫిర్యాదు చేయగలవారి నియమం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోకి ఆ బంధుత్వపు చట్రంతోనే వచ్చింది.

దూబగుంట వాచకం

సాహిత్య చరిత్రలో స్థానం దొరకని ఒక పుస్తకం గురించి ఇక్కడ కొంత ఎక్కువ చెప్పవలసి ఉన్నది. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. పగలు కూలికి పోయిన స్త్రీలు రాత్రి లాంతరు వెలుతురులో చదివిన వాచకాలలో తాగుబోతు భర్త వల్ల నలిగిపోయిన సీతమ్మ కథ ఒక పాఠం. సారా దుకాణాన్ని మూయించిన దూబగుంట స్త్రీల చర్య ఆ తరువాతి వాచకంలో పాఠంగా చేరింది. ఆ పాఠం చదివి ఇతర గ్రామాల స్త్రీలు కదిలారు. పాఠం నుండి చర్య, చర్య నుండి మళ్లీ పాఠం. తెలుగులో ఒక రచన ఇంత తక్కువ కాలంలో ఇంత స్పష్టమైన ఫలితం ఇచ్చిన సందర్భం మరొకటి నాకు తెలియదు. దానిని రాసినవారి పేర్లు మన సాహిత్య చరిత్రలలో కనిపించవు.

అప్పటికి ‘వారుణి వాహిని’ పథకం కింద ప్రభుత్వ సారా పల్లెపల్లెకూ పొట్లాలలో చేరుతోంది. 1992లో దూబగుంట రోశమ్మ వంటి స్త్రీల నాయకత్వంలో సారా దుకాణాలను అడ్డుకోవడం జిల్లా అంతటా, ఆపైన రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ప్రభుత్వం దానిని సడలించింది.

ఈ ఉద్యమాన్ని మద్యనిషేధ చరిత్రగా, గ్రామీణ స్త్రీల రాజకీయ చైతన్యంగా చదవడం ఆనవాయితీ. రాత్రి బడిలో జరిగినది అంతకన్న ముందటి సంగతి. పాఠంలోని సీతమ్మను గురించి మాట్లాడుతూ స్త్రీలు తమను గురించి మాట్లాడుకున్నారు. ‘నా మొగుడు నన్ను కొడుతున్నాడు’ అని చెప్పడానికి గుట్టు అడ్డు వస్తుంది. ‘సీతమ్మ మొగుడు ఇట్లా చేశాడు’ అని చెప్పడానికి అడ్డు రాదు. పక్కన కూర్చున్న స్త్రీ నవ్వలేదు, ఎందుకంటే ఆమెదీ అదే కథ. సారా అన్న ఉమ్మడి శత్రువు దొరకడం వల్ల దెబ్బల సంగతి బహిరంగంగా చెప్పుకోవడం సాధ్యమైంది. ఇందులో ఒక నష్టమూ ఉన్నది. తప్పు సారాది అన్నప్పుడు తాగకుండా కొట్టే భర్త తప్పించుకుంటాడు. దుకాణం మూతపడిన తరువాత కూడా దెబ్బ తిన్న స్త్రీకి చెప్పుకోవడానికి పాఠం మిగలదు. నిషేధం సడలిన వెంటనే ఉద్యమం మౌనంలో పడిపోవడానికి రాజకీయ కారణాలతో పాటు ఇదీ ఒక కారణమని భావించవచ్చు.

పేరు గుర్తు చేసిన స్నేహితురాలు

దూబగుంట ఉద్యమానికి కాస్త అటూ ఇటూగా తెలుగు కథలో స్నేహితురాలు స్పష్టమైన రూపం ధరించింది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో దెబ్బలు లేవు. ఇల్లు అలుకుతూ, ముగ్గులు పెడుతూ, అందరికీ అన్నీ అమర్చుతూ తన పేరు తానే మరచిన గృహిణి కథ అది. భర్తకు ఆమె పేరుతో పని లేదు, పిల్లలకు ఆమె అమ్మ, పనిమనిషికి అమ్మగారు. పుట్టింటికి వెళ్లినా పేరు దొరకలేదు. చివరకు ఆ పేరు కలిసి చదువుకున్న స్నేహితురాలి వద్ద దొరికింది. ఆ పేరు శారద. తన తల్లికి కూడా గుర్తు లేనిది స్నేహితురాలికి గుర్తుంది.

స్నేహితురాలు ఏమి చేయగలదన్న ప్రశ్నకు తెలుగు సాహిత్యం ఇచ్చిన సమాధానాలలో ఇది అత్యంత సూక్ష్మమైనదని నేను భావిస్తున్నాను. ఆమె శారదను ఇంటి నుండి తీసుకుపోలేదు, భర్తను నిలదీయలేదు, ఏమి చేయాలో ఆజ్ఞాపించలేదు. హింసలో ఉన్న స్త్రీకి సహాయం చేయబోయేవారు తరచుగా చేసే పని భర్త స్థానంలో తాము నిలబడి ఆజ్ఞలివ్వడం: ‘వెంటనే బయటకు రా’, ‘ఇంకా ఎందుకు భరిస్తున్నావు’. అవి ప్రేమతో అన్న మాటలే కావచ్చు. కాని తన నిర్ణయాలన్నీ మరొకరు చేసిన ఇంట్లో నుండి వచ్చిన స్త్రీకి అది మరొక నిర్ణయం మాత్రమే. పైగా ఇల్లు విడిచే సమయమే అనేక సందర్భాలలో అత్యంత ప్రమాదకరమైనది. ఎప్పుడు, ఎట్లా అన్నది ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. శారద స్నేహితురాలు చేసినది ఒక్కటే: ఒకప్పుడు ఆ మనిషి ఎవరో గుర్తుంచుకుని, ఆమెకే తిరిగి చెప్పింది.

ఓల్గా ‘విముక్త’ (2010, 2015 కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం) ఈ దారిలో మరొక అడుగు. అందులోని ‘సమాగమం’ కథలో అడవిలో ఉన్న సీత శూర్పణఖను కలుసుకుంటుంది. స్త్రీల పాటలో మారువేషంతో వచ్చి సీత సంసారాన్ని కూల్చిన శూర్పణఖే ఇక్కడ ముక్కుచెవులు కోల్పోయి, ఆ గాయాన్ని దాటి, తోట పెంచుకుంటూ బతికే స్నేహితురాలు. గడప అవతలి స్త్రీ శత్రువన్న పాత కథను ఓల్గా గాయపడిన ఇద్దరు స్త్రీల స్నేహంగా తిరగరాశారు. అహల్య, రేణుక, ఊర్మిళ కూడా ఈ సంపుటిలో సీతకు తమ అనుభవం చెబుతారు. వారెవరూ సీతను రక్షించరు. సీత వింటుంది, వారూ వింటారు, నిర్ణయం సీతదే. ఉద్యమ స్వరం తగ్గి తాత్త్వికత పెరిగిందన్న విమర్శ ఈ కథల మీద రావచ్చు. వినడాన్ని కూడా చర్యగా గుర్తిస్తే ఆ విమర్శకు బలం తగ్గుతుంది.

సాహిత్య పత్రిక నేరుగా ఈ పనిలోకి దిగిన సందర్భం కూడా ఉన్నది. 1993లో స్త్రీవాద పత్రికగా మొదలైన ‘భూమిక’ 2006లో స్త్రీల కోసం టెలిఫోన్ హెల్ప్‌లైన్ ప్రారంభించింది. ప్రమదావనంలో ఉత్తరాలకు దొరికిన జవాబు అచ్చులో మిగిలింది. హెల్ప్‌లైన్‌కు వచ్చిన మాట గోప్యంగా ఉండాలి, ఉంటుంది. పరిశోధకులకు అందని ఈ మౌనం ఆ స్త్రీల భద్రతకు అవసరమైనది కనుక దానిని ఆధారాల కొరతగా లెక్కించకూడదు.

‘ఏ వ్యక్తి అయినా’

గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుండి అమలైంది. శారీరక హింసతో పాటు లైంగిక, మానసిక, ఆర్థిక హింసను కూడా ఈ చట్టం నిర్వచించింది. ఉమ్మడి నివాసంలో ఉండే హక్కును స్త్రీకిచ్చింది. ప్రస్తుత చర్చకు మూడు సెక్షన్లు కీలకం. నాలుగవ సెక్షను ప్రకారం గృహహింస జరిగిందని, జరుగుతోందని, జరగబోతోందని నమ్మడానికి కారణమున్న ఏ వ్యక్తి అయినా రక్షణాధికారికి సమాచారం ఇవ్వవచ్చు. సదుద్దేశంతో ఇచ్చిన సమాచారానికి ఆ వ్యక్తి మీద సివిల్ బాధ్యత గాని, క్రిమినల్ బాధ్యత గాని ఉండదు. పన్నెండవ సెక్షను ప్రకారం బాధితురాలి తరపున రక్షణాధికారి గాని, మరే వ్యక్తి గాని మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేయవచ్చు. పద్దెనిమిదవ సెక్షను కింద ఇచ్చే రక్షణ ఉత్తర్వు బాధితురాలికి సహాయం చేసిన వ్యక్తి మీద హింసను కూడా నిషేధించగలదు.

1983లో బంధువుల జాబితా ఉన్న చోట 2005లో ‘ఏ వ్యక్తి అయినా’ అన్న మాట వచ్చింది. మధురవాణికి చట్టంలో చోటు దొరికింది. రాజ్యలక్ష్మమ్మ ఇంటికి నీళ్లు ఆపినవారిని గుర్తు చేసుకుంటే పద్దెనిమిదవ సెక్షనులోని ఆ ఒక్క ఉపవాక్యం విలువ తెలుస్తుంది. చట్టం స్నేహితురాలిని న్యాయమూర్తిని చేయలేదన్నది కూడా గమనించాలి. సమాచారం అందిన తరువాత రక్షణాధికారి, పోలీసు అధికారి మొదట చేయవలసిన పని ఆ స్త్రీకి ఆమె హక్కులను, అందుబాటులో ఉన్న సేవలను తెలియజేయడం. నియమావళిలోని నమూనా పత్రాలలో ఒకటైన భద్రతా ప్రణాళిక ఆమెతో మాట్లాడి, ఆమె పరిస్థితిని బట్టి తయారు చేయవలసినది. శారద కథలోని వివేకం, ఏ ప్రభావమూ లేకుండానే, శాసన భాషలోకి వచ్చినట్లు కనిపిస్తుంది.

2015 ఏప్రిల్ 1 నుండి కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన వన్ స్టాప్ సెంటర్ల పథకానికి పెట్టిన పేరు ‘సఖి’. వైద్యం, పోలీసు సహాయం, న్యాయ సలహా, తాత్కాలిక ఆశ్రయం ఒకే చోట అందించడం వీటి లక్ష్యం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జిల్లా కేంద్రాలలో ఈ పేరుతో బోర్డులు కనిపిస్తాయి. నాయికను నాయకుడి వద్దకు చేర్చిన ప్రబంధ సఖి పేరు ఇప్పుడు నాయకుడి నుండి పారిపోయి వచ్చిన స్త్రీ తట్టే తలుపు మీద ఉన్నది. ఈ పేరు పెట్టినవారు మంజువాణిని తలచి ఉండరు. పదాలు మాత్రం తమ చరిత్రను మోసుకునే తిరుగుతాయి.

ఇంత మార్పు వచ్చినా సామెతల కాపలా తొలగిపోలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత (2019–21) ప్రకారం 18 నుండి 49 ఏళ్ల లోపు వివాహిత స్త్రీలలో భర్త హింసకు గురైనవారు ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో సుమారు 37 శాతం. ఏదో ఒక కారణం ఉంటే భర్త కొట్టడం సమంజసమేనన్న స్త్రీలు రెండు రాష్ట్రాలలోనూ సుమారు 84 శాతం. దేశం మొత్తం మీద శారీరక, లైంగిక హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతమే. 77 శాతం మంది సహాయం కోరలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. ఈ అంకెలను సాధారణంగా బాధితురాలి మౌనానికి ఆధారంగా చూపుతారు. 84 శాతం అన్న అంకెను వినేవారి వైపు నుండి చదవాలి. ఒక స్త్రీ తన స్నేహితురాలికి చెప్పాలనుకున్నప్పుడు ఎదురుగా కూర్చున్నది ‘నువ్వేం చేశావు’ అని అడిగే మనిషి కావడానికి ఎంత అవకాశముందో ఆ అంకె చెబుతోంది. తోడికోడలి నవ్వుకు అది గణాంక రూపం. చెప్పినా నమ్మరన్న అంచనా ఆ స్త్రీ పిరికితనం కాదు, లోకజ్ఞానం.

2006 నాటి నియమావళిలో నాలుగవ నియమం సమాచారం ఎట్లా స్వీకరించాలో చెబుతుంది. తెలియజేయదలచిన వ్యక్తి రాతపూర్వకంగా గాని, నోటి మాటగా గాని రక్షణాధికారికి చెప్పవచ్చు. నోటితో చెప్పినప్పుడు అధికారి దానిని రాయించి, చెప్పిన వ్యక్తి చేత సంతకం చేయించాలి. రాసిన దాని ప్రతిని ఆ వ్యక్తికి వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. రెండు రాష్ట్రాల రక్షణాధికారుల కార్యాలయాలలో ఇట్లా తెలుగులో రాసిన పత్రాల భాష, వాటిలో ‘గొడవ’, ‘దెబ్బ’, ‘హింస’ అన్న మాటల వాడుక, చెప్పిన స్త్రీ మాటకూ రాసిన గుమాస్తా మాటకూ మధ్య తేడా ఇంకా పరిశోధనకు రావలసి ఉన్నవి.